క్రిమినల్ కేసు విచారణను ప్రేక్షకులుగా చూడటం: అనుమతి, దరఖాస్తు విధానం

క్రిమినల్ కేసు విచారణ జరిగే చోటును బహిరంగ న్యాయస్థానంగానే భావించాలని, క్రిమినల్ కేసుల విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366వ సెక్షన్ చెబుతోంది. ఈ చట్టం 2024 జూలై 1న అమల్లోకి రాకముందు ఇదే నియమం 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 327వ సెక్షన్‌గా ఉండేది. కాబట్టి కేసుతో ఏ సంబంధమూ లేనివారైనా సెషన్స్ కోర్టులోనో మేజిస్ట్రేట్ కోర్టులోనో కూర్చుని విచారణ చూడవచ్చు. అందుకు సాధారణంగా దరఖాస్తు, రుసుము, న్యాయవాది సిఫారసు ఏవీ అక్కరలేదు. అయితే గదిలో సౌకర్యంగా పట్టినంతమందికే ఈ అవకాశం ఉంటుంది. అదీకాక, ప్రజలందరినీ గానీ ఫలానా వ్యక్తిని గానీ బయటికి పంపే అధికారం విచారణ ఏ దశలోనైనా న్యాయమూర్తికి ఉంది.

దరఖాస్తు లేకపోయినా ముందుగా చేసుకోవలసిన పని మాత్రం ఉంది. ఏ కేసు ఏ కోర్టులో ఏ రోజు వస్తుందో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ చూసుకోవాలి. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, పదహారు అక్షరాలు, అంకెలు గల సీఎన్ఆర్ నంబరు తెలిస్తే సరే, లేకుంటే కేసు నంబరు, సంవత్సరం లేదా కక్షిదారు పేరుతో వెతకవచ్చు. ఆనాటి కేసుల జాబితా కూడా అక్కడే దొరుకుతుంది. తేదీ ఒక్కటే చూసి బయల్దేరకుండా, కేసు ఏ దశలో ఉందో తప్పక గమనించాలి. నిందితుల హాజరు కోసమో వారంట్ అమలు కోసమో వాయిదా పడిన కేసులో చూడటానికి ఏమీ ఉండదు. ఉదయం ఆనాటి కేసులను వరుసగా పిలిచే కాల్ వర్క్‌లో పేరు పిలిచి, మరో తేదీ ఇచ్చి పంపేస్తారు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం లేదా వాదనల దశలో ఉన్న కేసును ఎంచుకోవడం మేలు. సాక్షుల విచారణ మొదలయ్యాక హాజరైన సాక్షులందరూ పూర్తయ్యేవరకు రోజువారీగా సాగాలని నాగరిక్ సురక్షా సంహిత 346వ సెక్షన్ చెబుతున్నా, ఆచరణలో వాయిదాలు పడుతూనే ఉంటాయి. కనుక ఒక్క రోజుకే ఆశ పెట్టుకోకూడదు.

కోర్టుకు వెళ్లేటప్పుడు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి, గేటు దగ్గర తనిఖీకి సహకరించాలి. హాలులోకి వెళ్లే ముందు ఫోన్ పూర్తిగా ఆపేయాలి. అనుమతి లేకుండా ఫొటో తీయడం, ఆడియో లేదా వీడియో రికార్డు చేయడం కూడదు. విచారణ చూడటానికి వచ్చామని అటెండరుకో బెంచ్ క్లర్కుకో ఒక మాట చెప్పి వెనుక బల్లల మీద కూర్చోవాలి, ఎందుకంటే ముందు కుర్చీలు న్యాయవాదులవి. న్యాయమూర్తి ఎవరని అడిగితే లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెబితే చాలు. తర్వాత సాక్ష్యం చెప్పవలసినవారు ప్రేక్షకుల్లో కూర్చోకూడదు, అలాంటివారిని బయటే ఉంచుతారు. లోపల విన్నది బయట వేచి ఉన్న సాక్షికి చేరవేయడం కేసునే దెబ్బతీయగలదు. న్యాయమూర్తిని ఉద్దేశపూర్వకంగా అవమానించినా, విచారణకు అడ్డుతగిలినా, నేరాలను, శిక్షలను నిర్దేశించే భారతీయ న్యాయ సంహిత 267వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

అనుమతి తప్పనిసరి అయ్యేది రహస్య విచారణల్లో. అత్యాచారం, దానికి సంబంధించిన మరికొన్ని నేరాల కేసులు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కేసులు మూసిన తలుపుల వెనుకే జరుగుతాయి. అత్యాచార కేసుల్లో ఫలానా వ్యక్తిని లోపల ఉండనివ్వాలని ఉభయ పక్షాల్లో ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు, న్యాయమూర్తి తనంతట తానుగానూ అనుమతించవచ్చు. బయటివారు నేరుగా హక్కుగా కోరే మార్గాన్ని 366వ సెక్షన్ చూపలేదు. అందుచేత పరిశోధకులైనా, న్యాయ విద్యార్థులైనా పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారానో నిందితుని న్యాయవాది ద్వారానో పిటిషన్ వేయించుకోవాలి. అందులో కేసు నంబరు, తమ వివరాలు, హాజరు కావలసిన కారణం, బాధితుల గుర్తింపును ఎక్కడా వెల్లడించబోమన్న హామీ స్పష్టంగా ఉండాలి. బాధితులకు ఇబ్బంది కలుగుతుందనిపిస్తే న్యాయమూర్తి తిరస్కరించవచ్చు, ఆ తిరస్కారం సబబైనదే. లోపలికి అనుమతి దొరికినంత మాత్రాన రాయడానికి అనుమతి దొరికినట్టు కాదు. ఆ విచారణ విశేషాలను కోర్టు ముందస్తు అనుమతి లేకుండా ప్రచురించినా, బాధితుల గుర్తింపు బయటపెట్టినా న్యాయ సంహిత 72, 73 సెక్షన్ల కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. సామాజిక మాధ్యమాల్లో పెట్టే పోస్టులకూ ఇదే జాగ్రత్త అవసరం.

సుప్రీంకోర్టులో సాక్షుల విచారణ ఉండదు, అప్పీళ్ల వాదనలే వినవచ్చు. అక్కడ ప్రవేశానికి పాస్ తప్పనిసరి. దాన్ని 2023లో మొదలైన సుస్వాగతం పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు.

తీర్పు రోజున హాజరు కాలేకపోయినవారికి మరో మార్గం ఉంది. తీర్పు ప్రతిని సాధ్యమైనంతవరకు ఏడు రోజుల్లోగా కోర్టు పోర్టల్‌లో ఉంచాలని నాగరిక్ సురక్షా సంహిత 392వ సెక్షన్ నిర్దేశిస్తోంది.