ప్రోబ్ నొక్కకుండా గడ్డ గట్టితనం కొలవడం

రొమ్ములో గడ్డకి షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ (కణజాలంలో తరంగం పుట్టించి, అది ఎంత వేగంగా పాకుతుందో చూసి గట్టితనం కొలిచే అల్ట్రాసౌండ్ పద్ధతి) చెయ్యడం నేర్చుకుంటున్నవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది ఒక్కటే. ప్రోబ్ (చర్మానికి ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) నొక్కకండి. మామూలు అల్ట్రాసౌండ్‌లో బొమ్మ బాగా రావాలని నొక్కి పట్టడం మనకి అలవాటు. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. నొక్కేకొద్దీ మంచి కణజాలం కూడా బిగుసుకుని పెద్ద అంకె చూపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో ఒకామెకి తెర మీద చర్మం కింది భాగమంతా ఎర్రగా వచ్చేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. చెయ్యి కాస్త తేలిక చెయ్యగానే ఎరుపంతా నీలమైపోయింది. నేను వాడే మెషీన్‌లో ఎరుపంటే గట్టి. కొన్నిటిలో తిరగేసి ఉంటుంది, పక్కనున్న రంగుల పట్టీ చూసుకోండి.

జెల్ దండిగా వెయ్యండి. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య సన్నటి జెల్ పొర తెర మీద కనిపిస్తూనే ఉండాలి. పేషెంట్‌ని కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టమని చెప్పి, రంగులు కుదురుకున్నాకే బొమ్మ ఆపండి.

తెర మీద కొలిచే చోటుని గుర్తించే గుండ్రాన్ని చాలామంది గడ్డ నడిమధ్యలో పెడతారు. అంచులు కూడా వెతకండి. క్యాన్సర్ పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు ఎక్కువగా పేరుస్తాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ పోగుల్ని ఒకదానికొకటి ముడివేస్తుంది. వేలికి తగిలే గట్టితనం చాలావరకు ఈ పోగులదే. క్యాన్సర్ కణాన్ని విడిగా తీసి కొలిస్తే చాలాసార్లు మామూలు కణం కంటే మెత్తగా ఉంటుంది, ఇరుకు సందుల్లోంచి దూరిపోవడానికి ఆ మెత్తదనం పనికొస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. ఇక గడ్డ మధ్యలో రంగే లేకుండా ఖాళీగా కనిపిస్తే, అక్కడ తరంగం సరిగ్గా దొరకలేదన్నమాట. దాన్ని మెత్తన అని రాసెయ్యకండి.

అంకె పక్కన యూనిట్ తప్పకుండా రాయండి. సెకనుకి ఇన్ని మీటర్లని తరంగం వేగం వస్తే, దాన్ని వర్గం చేసి 3తో గుణిస్తే ఇంచుమించు గట్టితనం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. వేగం 2 అయితే 12, 5 అయితే 75. యూనిట్ లేని 5 చూసి ఎవరైనా ఏమనుకోవాలి?

మ్యూసినస్ రకం (జిగురు నిండిన) క్యాన్సర్ మెత్తగా కనిపించొచ్చు. సున్నం పట్టిన పాత ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) రాయిలా ఉండొచ్చు. అందుకే మామూలు అల్ట్రాసౌండ్‌లో అంచులు అనుమానంగా ఉంటే, ఎలాస్టోగ్రఫీ ఎంత నీలంగా వచ్చినా బయాప్సీ వద్దని మాత్రం రాయకండి.