రాత్రంతా కంప్యూటర్ నడవాలా, కట్టేయాలా?

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. పడుకునే ముందు అమ్మ "ఆ డబ్బా కట్టెయ్‌రా" అంటుంది. "పొద్దున్నే మీటింగ్ ఉందమ్మా, ఉండనీ" అని నేను. చివరికి కరెంటు బిల్లు అమ్మ పక్షాన నిలబడింది. కింద చెప్పేదంతా విండోస్ డెస్క్‌టాప్ సంగతి.

సమస్య: సున్నా బిల్లు కాస్తా వెయ్యి దాటింది

కర్ణాటకలో 2023 నుంచి ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం ఉంది కదా. ఒక్కో ఇంటి పాత సగటు వాడకానికి ఇంకొంచెం కలిపి ఉచిత కోటా లెక్కగడతారు. కోటా దాటితే పై యూనిట్లకే డబ్బు కట్టాలి, 200 దాటితే మాత్రం మొత్తం బిల్లు మన నెత్తినే. మాకు నెలకు 175 దాకా వచ్చేది. పని లేకుండా ఊరికే వెలుగుతున్న డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకోండి. రోజుకు 16 గంటలు అలా వదిలేస్తే దాదాపు ఒక యూనిట్, నెలకు 29. మొత్తం 204! నాలుగు యూనిట్ల కోసం అంత బిల్లు కట్టాం.

పరిష్కారం: సెట్టింగ్స్‌లో పవర్ దగ్గరికి వెళ్లి 20 నిమిషాలు ముట్టుకోకపోతే స్లీప్‌లోకి పోయేలా పెట్టండి. స్లీప్‌లో 3 వాట్లు తీసుకున్నా అవే గంటలకు నెలంతా కలిపి ఒకటిన్నర యూనిట్ మించదు. పొద్దున మీట నొక్కితే నిన్న ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. స్క్రీన్ సేవర్ తిరుగుతోంది కదా అని సంబరపడకండి, దానివల్ల కరెంటేమీ మిగలదు.

సమస్య: రోజూ షట్‌డౌన్ చేస్తున్నా నీరసంగానే ఉంటోంది

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కి 'అప్ టైమ్' చూడండి. రాత్రే కట్టేసిన మెషీన్ 19 రోజులుగా నడుస్తున్నట్టు చూపించిందంటే అది ఫాస్ట్ స్టార్టప్ పని. విండోస్ 8తో వచ్చిన ఏర్పాటు ఇది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసేస్తుంది కానీ, విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచి పొద్దున దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. మనం కట్టేశాం అనుకుంటాం, అది ఓ కునుకు తీసి లేస్తుంది. డ్రైవర్ల (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రాముల) పాత చిక్కులు కూడా దానితోపాటే లేస్తాయి.

రీస్టార్ట్‌లో ఈ దాచుడు ఉండదు, అన్నీ మొదటి నుంచి లోడవుతాయి. వారానికోసారి రీస్టార్ట్ చేస్తే చాలు. అదీ గుర్తుండదంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ల పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) ఉన్నవాళ్లకు పెద్ద తేడా కూడా తెలియదు.

సమస్య: అర్ధరాత్రి తనంతట తనే లేచి ఫ్యాను తిప్పుతోంది

దెయ్యం కాదు, మౌసు. బల్ల కదిలినా లేపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్ మీద, నెట్‌వర్క్ కార్డు మీద, కంప్యూటర్‌ను లేపే అనుమతి టిక్కు తీసేయండి. అయినా లేస్తుంటే పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో 'వేక్ టైమర్స్' (పెట్టిన టైముకు మెషీన్‌ను లేపేవి) ఆపండి.

సమస్య: గోడ స్విచ్ కట్టేస్తే తేదీ వెనక్కి పోతోంది, సైట్లు తెరుచుకోవట్లేదు

మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. మార్చండి. అంతే.

సమస్య: స్లీప్‌లో ఉండగా కరెంటు పోయి, సేవ్ చేయని ఫైలు ఎగిరిపోయింది

ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరు గాలివాన తెలిసిందే. మామూలు స్లీప్‌లో పని అంతా ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. హైబర్నేట్ అయితే డిస్క్ మీద రాసి పూర్తిగా ఆగుతుంది. ఆ నెలల్లో రాత్రికి హైబర్నేటే నయం. ఉరుములు వినపడితే మాత్రం స్లీపూ లేదు, హైబర్నేటూ లేదు: షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకేయండి, ఇంటర్నెట్ కేబుల్ కూడా.