చేపల మేతకు పసుపు, వెల్లుల్లి, నేల ఉసిరి పట్టించడం ఎలా?

ఎండలు ముదురుతున్నాయంటే చాలు, భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు ఆక్వా మందుల షాపుల్లో మూలికల డబ్బాలు అరల నిండా దిగిపోతాయి. కొనడం తప్పని అనను. కొన్నాక చేసే పని చూస్తేనే ఒళ్లు మండుతుంది. బస్తా విప్పడం, పైన పొడి చల్లడం, పారతో రెండు తిప్పులు తిప్పి చెరువులో విసరడం. మేత నీళ్లను తాకగానే పొడి విడిపోతుంది, చేప ఉత్తి మేత తింటుంది, నెల తిరిగాక "మూలికలు పనిచేయవండీ, అంతా మోసం" అంటారు. చేప పొట్టలోకి వెళ్లనిది ఎలా పనిచేస్తుంది?

ముందు ఇది దేనికో తెలుసుకోండి. నీళ్లు బాగా వేడెక్కినా, అమ్మోనియా పెరిగినా, వాన పడి ఒక్కసారిగా నీటి గుణం మారినా, వల లాగినా చేప ఒత్తిడికి లోనవుతుంది. ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, మేత తగ్గిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. చెరువులో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియాకు అదే అదను. పసుపు, వెల్లుల్లి లాంటివి ఆ తట్టుకునే శక్తిని కాస్త నిలబెడతాయి. అంతే, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే అది ఆక్సిజన్ సమస్య, దానికి కావాల్సింది నీళ్లలో గాలి కలిపే ఏరేటర్, కొత్త నీరు. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 35 డిగ్రీలకు వచ్చేసరికి అది 7 దగ్గరికి దిగుతుంది, పైగా వేడికి చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఆ లోటును ఏ పసుపూ పూడ్చదు.

కాబట్టి కష్టం రాకముందే మొదలుపెట్టాలి. మే ఎండల కోసం ఏప్రిల్ మొదట్లోనే, వానల కోసం జూన్ మొదట్లోనే, పట్టుబడికి గానీ చెరువు మార్చడానికి గానీ వల దించాలనుకుంటే రెండు వారాల ముందు. రెండు వారాలు పెట్టి, ఒక వారం ఆపి, మళ్లీ పెట్టండి. ఏడాది పొడవునా పెట్టేవాళ్లున్నారు, అది డబ్బు దండగ.

కావాల్సినవి చెప్పేస్తాను. 10 కేజీల మేతకు, అంటే నీళ్లపై తేలే పెల్లెట్ గుళికలకు, పసుపు 50 గ్రాములు, వెల్లుల్లి 100 గ్రాములు, నీడన ఆరబెట్టిన నేల ఉసిరి పొడి 50 గ్రాములు, బియ్యప్పిండి 30 గ్రాములు, అర లీటరు నీళ్లు, తవుడు నూనె 100 మిల్లీలీటర్లు. ఒక వెడల్పాటి టబ్బు, శుభ్రమైన పట్టా. పసుపు కొమ్ములు కొని మర పట్టించండి, దుగ్గిరాల యార్డు సరుకైతే మరీ మంచిది. విడి పొడి కొనకండి, రంగు కోసం లెడ్ క్రోమేట్ లాంటివి కలిపే కక్కుర్తి మనుషులు ఉన్నారు, అది చేపకూ విషమే, తినే మనిషికీ విషమే. వేప వద్దు. వేప మంచిదే కదా అని అడుగుతారు, మనిషికి మంచిది కావచ్చు, వేప సారం మోతాదు మించితే చేపకు విషం, చేదుకు మేత వదిలేస్తే అదింకో నష్టం. నేలవేము కూడా అంతే చేదు. మూడే మూలికలు చాలు. పదహారు మూలికల మిశ్రమం అని డబ్బా మీద రాసి ఉంటే, ఏది ఎంత ఉందో రాసి ఉందా అని చూడండి, రాసి ఉండకపోతే అక్కడే పెట్టేసి రండి.

నేల ఉసిరి ఎందుకంటే, కామెర్లకు మనవాళ్లు ఎప్పటినుంచో వాడేది అదే, చేపల లివర్ టానిక్కుల్లో చాలావాటిలో ఉండేదీ అదే. గట్ల మీద ఊరికే మొలుస్తుంది. కోసేటప్పుడు పక్క వరి చేలో మందు కొట్టారేమో కనుక్కోండి.

తయారీ తేలిక. వెల్లుల్లి దంచి పది నిమిషాలు అలా వదిలేయండి, దంచాకే దాని ఘాటుకు మూలమైన అల్లిసిన్ తయారవుతుంది, వెంటనే వేడిలో వేస్తే అది తయారు కాకుండానే పోతుంది. ఈలోగా బియ్యప్పిండిని నీళ్లలో కలిపి గంజి కాయండి, దించి పక్కన పెట్టండి. నూనె కొంచెం గోరువెచ్చగా చేసి పసుపు అందులో కలిపేయండి. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే పసుపు నూనెలోకి, మిగతా రెండూ గంజిలోకి. అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడకబెట్టి కషాయం చేసేవాళ్లకు దండం పెట్టడం తప్ప ఏం చేయలేం.

ఇప్పుడు పట్టించడం. నూటికి తొంభై మంది ఇక్కడే చెడగొడతారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

గంజి చల్లారాలి. చెయ్యి పెడితే వేడి తెలియకూడదు. వేడి గంజి పోస్తే వెల్లుల్లి గుణం పోవడం ఒకటి, పెల్లెట్ పైపొర ఉబ్బి పగలడం ఇంకొకటి. పగిలిన పెల్లెట్ నీళ్లలో తేలదు, మునుగుతుంది, అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఏ ఒత్తిడి నుంచి చేపను కాపాడాలనుకున్నారో దాన్నే మీ చేత్తో చెరువులో వేసినట్టు. గంజి చల్లారాకే వెల్లుల్లి ముద్ద, నేల ఉసిరి పొడి వేసి ఉండలు లేకుండా కలపండి. అట్ల పిండి కంటే పలచగా ఉండాలి.

మేతను టబ్బులో పలచగా పరిచి, గంజిని చేత్తో చిలకరిస్తూ కలపాలి. కుమ్మరించకూడదు. కుమ్మరిస్తే పైనున్న పెల్లెట్లు తాగేస్తాయి, అడుగువి పొడిగా ఉంటాయి. మూడు విడతలుగా చల్లండి, ప్రతిసారీ అడుగునుంచి పైకి తిప్పండి, పిసకకండి. స్ప్రేయర్‌తో కొడదాం అనుకుంటారు, గంజి నాజిల్‌లో ఇరుక్కుంటుంది, అంతకన్నా ముఖ్యం, ఆ స్ప్రేయర్‌తో అంతకుముందు పొలానికి పురుగుమందు కొట్టి ఉంటే ఎంత కడిగినా నమ్మకండి. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపను చంపడానికి చాలా కొద్దిగా చాలు. కొత్త స్ప్రేయర్ అయినా సరే, నాకు చెయ్యే కావాలి, ఏ పెల్లెట్ తడిగా ఉందో ఏది పొడిగా ఉందో చెయ్యి చెబుతుంది.

తర్వాత ఆరనివ్వండి. నీడలో, గాలి ఆడే చోట, పట్టా మీద పలచగా. ఎండలో వేయకండి, పైన ఎండినట్టు కనిపించి లోపల తడి మిగులుతుంది. తడి మిగిలిన మేతకు బూజు పడుతుంది, బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు, అది నేరుగా చేప లివర్ మీదికే వెళుతుంది. గంట తర్వాత చేత్తో తిప్పండి, అంటుకోకుండా గలగలమంటే అప్పుడు పసుపు నూనె చల్లి కలపాలి. ఈ వరస మార్చొద్దు. నూనె ముందు పట్టిస్తే గంజి లోపలికి పోదు, జారిపోతుంది. నూనె చివర వేస్తేనే పైపొరలా నిలిచి లోపలిదాన్ని నీళ్లలోకి పోనివ్వదు. నూనె పట్టాక ఇంకో అరగంట నీడలోనే వదిలేయండి, ఎండ తగిలితే కర్కుమిన్ పాడవుతుంది.

చెరువుకు తీసుకెళ్లే ముందు ఒక గాజు గ్లాసులో చెరువు నీళ్లు పోసి పది పెల్లెట్లు వేయండి. పది నిమిషాలు చూడండి. నీళ్లు లేత పసుపు తిరిగితే పర్వాలేదు, చిక్కగా రంగు తేలి అడుగున పొడి దిగితే పట్టలేదని అర్థం, గంజి ఇంకాస్త చిక్కగా కాచి మళ్లీ చేయండి. పెల్లెట్లు మునిగిపోతే గంజి ఎక్కువైంది. ఈ పరీక్ష చేయడానికి బద్ధకించేవాళ్లు మూలికలు మానేసి ఆ డబ్బుతో నీళ్ల టెస్టు చేయించుకోవడం మేలు.

వేయడం మామూలే. చెరువులో 2 టన్నుల చేప ఉంటే 2 శాతం లెక్కన రోజుకు 40 కేజీల మేత, అందులో ఒక పూటకు, అంటే 20 కేజీలకు మాత్రమే పట్టించండి. ఆ పూట ఉదయం ఎండ కాస్త ఎక్కాక ఉండాలి, అప్పటికి నీళ్లలో ఆక్సిజన్ పుంజుకుంటుంది, చేప చురుగ్గా తింటుంది. మొదటి రెండు రోజులు సగం మోతాదు వేయండి, వెల్లుల్లి వాసనకు పంగాసియస్ చేప (మనవాళ్లు ఫంగస్ అనేది) త్వరగానే అలవాటు పడుతుంది, రూప్‌చంద్ చేప అయితే అసలు లెక్కచేయదు.

కొల్లేరు చుట్టుపక్కల ఇప్పటికీ శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపల చెరువుల్లో తవుడు, వేరుశనగ చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి గెడలకు కడతారు కదా, అక్కడ పెల్లెట్ లేదు కాబట్టి ఈ పద్ధతి కుదరదు. తవుడులో పొడి కలిపితే సంచి ముంచగానే సగం పోతుంది. చెక్కను ముందు రాత్రి నానబెట్టి, మూలికలు ఆ ముద్దలోకి పిసికి, తర్వాత తవుడు చేర్చి సంచికి ఎత్తండి. ఎలా చేసినా నష్టం పెల్లెట్ కంటే ఎక్కువే ఉంటుంది, అందుకే సంచి మేతకు నేను వెల్లుల్లి, పసుపు మాత్రమే చెబుతాను, నేల ఉసిరి వృథా చేయవద్దంటాను. చెక్క కొనేటప్పుడు బూజు వాసన చూడండి, వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ భయం ఎక్కువ.

మబ్బు పట్టిన రోజు, చేపలు తేలిన రోజు అసలు మేతే వేయకండి, మూలికల మేత అంతకన్నా వద్దు. ఒంటి మీద పుండ్లు, మొప్పలు పాలిపోవడం లాంటివి కనిపిస్తే ఇది వైద్యం కాదని గుర్తుపెట్టుకుని చేపను ల్యాబుకు తీసుకెళ్లండి, ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ కలపకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపల్లో వాడటం నిషేధం. కలిపిన మేత ఆ రోజే వాడేయండి, మిగిలితే మర్నాటి ఉదయం వరకు ఆగుతుంది, అంతకు మించితే వాసన చూసి అనుమానం వచ్చినా పారేయండి, కానీ చెరువులో కాదు, గట్టు అవతల గోతిలో.