బసవనగుడి పాత ఇంట్లో స్నేహితులతో రెండు రాత్రులు ఉండాలంటే

నెల్లూరు నుంచీ హైదరాబాద్ నుంచీ నా స్నేహితురాళ్లు బెంగళూరు వస్తామంటే హోటల్ గదులు తీసుకోమని నేను చెప్పను. హోటల్లో ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. పాత ఇంట్లో దిగితే పొద్దున్నే అందరూ వరండాలో కలుస్తారు. మనం కోరుకునేది అదే కదా!

1890ల చివర, ప్లేగు రోజుల్లో, బెంగళూరు ఇరుకు వీధుల నుంచి జనం బయటికి రావడానికి వేసిన పేటలు బసవనగుడి, మల్లేశ్వరం. అప్పటి తరహా ఇళ్లు కొన్ని ఇప్పుడు హోమ్‌స్టేలుగా అతిథులకు ఇస్తున్నారు. చూడగానే మనసు పడిపోయి డబ్బు కట్టేయకండి. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటోందా అని మొదట అడగండి. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు కావాలన్నా ఆ నియమం ఉంది. ఆరు గదులకు మించి ఇవ్వకూడదని కూడా ఉంది. ఇంటివాళ్లు లేని పాత ఇల్లు నా దృష్టిలో ఉత్త అద్దె భవనం.

తర్వాతి ప్రశ్నలు ఫోనులోనే తేల్చుకోండి. స్నానాల గదులు ఎన్ని? గీజర్లన్నీ ఒకేసారి వేయవచ్చా? పాత వైరింగు అయితే ఇది చాలా ముఖ్యం. మోకాళ్ల నొప్పులున్నవారికి కింది అంతస్తులో పడక ఉందా? గేటు ఎన్నింటికి వేస్తారు? మాంసం, మద్యం విషయంలో ఇంటివాళ్ల పద్ధతి ఏమిటి? వచ్చాక అడిగితే ఇద్దరికీ ఇబ్బంది. గురక పెట్టేవారికి చివరి గది అని కూడా మీలో మీరు ముందే మాట్లాడుకోండి. డబ్బు ఒకరు కట్టి, మిగతావాళ్లు బయలుదేరకముందే పంపేయాలి.

ఇంట్లో అడుగుపెట్టాక మొదట చూడాల్సింది నేల. రెడ్ ఆక్సైడ్ గచ్చు ఏళ్ల తరబడి పాదాలు తిరిగి అద్దంలా నునుపెక్కి ఉంటుంది. అరికాలికి ఆ చల్లదనం ఎంత హాయో, తడి తగిలితే అంత జారుడు. స్నానాల గది గుమ్మం దగ్గర కాళ్ల పట్టా వేయించుకోండి. చక్రాల పెట్టెను, మంచాన్ని గచ్చు మీద ఈడ్వకండి. ఒకసారి గీత పడితే అదే రంగు కలిపి సరిచేసే మేస్త్రీ దొరకడం కష్టం. ఇక తలుపుల పైన చూడండి. గాలి కోసం వెంటిలేటర్లు పెట్టి ఉంటాయి. వాటిలోంచి గాలితో పాటు మన కబుర్లు కూడా పక్క గదికి వెళ్తాయి. రాత్రి పది దాటాక నవ్వులన్నీ మేడ మీదికో పెరట్లోకో తీసుకెళ్లండి. లోపల ఇంటి పెద్దవాళ్లు నిద్రపోతుంటారు.

ఫలహారానికి ఎంతమంది, ఎన్నింటికి అన్నది ముందు రోజు రాత్రే చెప్పాలి. అక్కి రొట్టె, అంటే బియ్యప్పిండి రొట్టె, అడగండి. చలికాలమైతే అందులో అనపగింజలు వేయమనండి. అది పెనం మీద నుంచి ఒక్కొక్కటిగా వస్తుంది కాబట్టి అందరూ ఒకేసారి కూర్చుని ఎదురుచూడకుండా ఇద్దరిద్దరుగా తినండి. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడితే ఇంటివాళ్లే ఆ ఇంటి కథలు చెబుతారు.

రెండో రోజు పొద్దున నడిచి వెళ్లి దొడ్డ బసవన్నను, అంటే గుడిలోని పెద్ద నందిని, చూసి, గాంధీ బజారు పూల అంగళ్ల మీదుగా రండి. 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్‌లో దోసె తినాలంటే శుక్రవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు సెలవు. కార్తీకం చివరి సోమవారం వేరుశనగల జాతర, కడలెకాయి పరిషె, జరుగుతుంది. దానికి వస్తే గది చాలా ముందే అడగాలి.

గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను వరండాలో ఉంచనిస్తారా అని మాత్రం మరవకుండా అడగండి. రాత్రి రైలు ఉన్నవాళ్లకు నేషనల్ కాలేజి మెట్రో ఎక్కితే మూడో స్టేషనే మెజెస్టిక్. అక్కడి నుంచి రైల్వే స్టేషను పక్కనే.