గని మట్టిగుట్టలపై అడవిని పెంచడం, ఎదుగుదలను కొలవడం

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు పొర మీదున్న రాతినీ మట్టినీ తవ్వి పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలపై మొక్కలు నాటడం ఎంత అవసరమో, అవి నిజంగా అడవిగా మారుతున్నాయో లేదో హైదరాబాద్ కార్యాలయాల్లో ఉపగ్రహ చిత్రాలు చూసి నిర్ణయించేవారు సరైన కాలంలో సరైన పద్ధతిలో చూడటమూ అంతే అవసరం.

పని గని తవ్వకానికి ముందే మొదలవుతుంది. పైమట్టిని విడిగా తీయించాలి; ఏళ్ల తరబడి కుప్పగా ఉంచితే అందులోని విత్తనాలు, సూక్ష్మజీవులు నశిస్తాయి కనుక, వీలైనంత వరకు పూర్తయిన వాలుపైకి నేరుగా తరలించి పరచడమే మేలు. పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా పెట్టే షరతు ప్రకారం గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదు. డంపర్లు తిరిగిన చోట నేల గట్టిపడుతుంది. అక్కడ మొక్కను పెకలించి చూస్తే వేళ్లు జానెడు లోతుకైనా దిగక, అడ్డంగా తిరిగి చుట్టుకుని కనిపిస్తాయి. అందుకే నాటడానికి ముందు గట్టి నేలను లోతుగా చీల్చే రిప్పర్‌తో దున్నించడం తప్పనిసరి.

మొదట వాలుపై స్టైలో వంటి పప్పుజాతి పశుగ్రాసపు మొక్కలు, వట్టివేరు గడ్డి వేసి కోతను ఆపాలి. తొలకరికి నేల తడిసిన తర్వాత వేప, కానుగ, నల్లమద్ది, మోదుగ, ఉసిరి కలిపి నాటాలి. త్వరగా పచ్చబడుతుందని సుబాబుల్ ఒక్కటే నింపడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అది గుట్టంతా అల్లుకుని స్థానిక మొక్కలకు చోటివ్వదు.

పర్యవేక్షణకు 10 మీటర్ల స్పష్టత గల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. సమీప పరారుణ (8వ బ్యాండ్) విలువలోంచి ఎరుపు (4వ బ్యాండ్) విలువను తీసివేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనాన్ని సూచించే ఎన్‌డీవీఐ వస్తుంది. పటాలు, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఇది కొద్ది నిమిషాల పని. అయితే ఏ నెల చిత్రాన్ని ఎంచుకున్నామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆగస్టులో మబ్బులు అడ్డుపడతాయి, సెప్టెంబరులో ఏకవార్షిక గడ్డి కూడా దట్టమైన అడవిలా కనిపిస్తుంది, మార్చికి టేకు ఆకు రాలి నిండైన అడవీ బోసిపోతుంది. గడ్డి పండిపోయి చెట్లింకా ఆకుతో ఉండే నవంబరు చివరి నుంచి డిసెంబరు వరకు ఏటా ఒకే వారాల్లో తీసిన చిత్రాలను, అదే ప్రాంతంలోని చెక్కుచెదరని సహజ అడవి తునకతో పోల్చాలి. ఒక్క పిక్సెల్‌ను నమ్మకుండా, 3×3 పిక్సెళ్ల సగటు తీసుకుంటే చిత్రం అటూఇటూ జరగడం వల్ల వచ్చే స్థాన దోషం ప్రభావం తగ్గుతుంది.

లాంటానా, సర్కారు తుమ్మ వంటి చొరబాటు మొక్కలు కూడా చిత్రంలో పచ్చగానే కనబడతాయి కాబట్టి నేలపైకి వెళ్లక తప్పదు. చెట్లకు 10×10 మీటర్లు, గడ్డికి 1×1 మీటరు చదరాలు గుర్తించి, బతికిన మొక్కలు, జాతులు, నాటకుండానే తమంతట తామే మొలిచిన చిన్న మొక్కలు లెక్కపెట్టాలి. ఈ చివరి లెక్కకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అక్కడ నేల ఇక విత్తనాన్ని నిలుపుకోగలుగుతోందని అది చెబుతుంది. ఏటేటా ఎన్‌డీవీఐ విలువ తగ్గుతున్న మచ్చలను పటంపై గుర్తించి, ఏప్రిల్‌లోగా గని సిబ్బందికి పంపితే, వానలకు ముందే ఆ చోట వాన కోతకు పడిన గండ్లను పూడ్చి, గుంతలు తీయించడానికి వ్యవధి ఉంటుంది.