దసరా సెలవులకి విమానం ఎక్కుతున్నారా? లాంజ్‌కి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరేవాళ్లం విమానాశ్రయానికి ముందే చేరిపోతాం కదా, ఆ ఖాళీ టైము లాంజ్‌లో, అంటే అక్కడ కూర్చుని తినడానికి ఉండే విశ్రాంతి గదిలో, గడుపుదామనిపిస్తుంది. మంచిదే, కానీ:

- గేటు మూసే టైముకి ఫోన్‌లో అలారం పెట్టండి. విమానం లేచే టైమే గేటు మూసే టైము అనుకోకండి. గేటు దానికి 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు. చాలా లాంజుల్లో అనౌన్స్‌మెంట్లు వినిపించవు. గేటు నంబరు మారినా చెప్పేవాళ్లుండరు, తెర మీద మనమే చూసుకోవాలి. ప్లేటులో ఇడ్లీ మిగిలినా పరవాలేదు, లేచిపోండి.

- మీ క్రెడిట్ లేదా డెబిట్ కార్డుకి లాంజ్ సదుపాయం ఇప్పటికీ ఉందో లేదో ఇంట్లోనే బ్యాంకు యాప్‌లో చూడండి. చాలా కార్డులకి గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉండాలన్న షరతు వచ్చింది. పోయినేడు పనిచేసిందన్న ధీమా వద్దు.

- ఒక కార్డు మీద సాధారణంగా ఒక్కరికే ప్రవేశం. అత్తయ్య, మావయ్య, పిల్లలతో వెళ్తే మిగతావాళ్లకి డబ్బు కట్టాలి, అదీ తక్కువేం కాదు.

- కార్డూ బోర్డింగ్ పాసూ ఒకే పేరు మీద ఉండాలి. అబ్బాయి కార్డు పట్టుకెళ్తే కుదరదు.

- పెట్టిందంతా అక్కడే తినాలి, పార్సిల్ ఉండదు.

- విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు ప్రయాణమైతే లాంజ్ సంగతి తర్వాత, ముందు ఊరు దాటే దారి చూసుకోండి. ఊళ్లో ట్రాఫిక్ మళ్లిస్తారు.