ఎలిక్సర్ స్వయంబోధిని – ఏడవ పాఠం: మిక్స్‌లో మన సొంత డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్

గత పాఠంలో, ఎలిక్సర్ ప్రోగ్రామింగ్ భాషలో ప్రాజెక్టులను కట్టి నడిపే పనిముట్టు అయిన మిక్స్‌లో అలియాస్‌లు రాయడం నేర్చుకున్నాము. వరుసగా కొట్టవలసిన నాలుగు కమాండ్లను ఒక పేరు కింద కట్టి, ఆ ఒక్క పేరుతో నడిపించాము. అయితే ఆ నాలుగు కమాండ్లు ఏ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఏ సెట్టింగులతో, నడుస్తాయన్న ప్రశ్నను అప్పుడు కావాలనే పక్కన పెట్టాను. ఈ పాఠమంతా దాని గురించే.

మొదట ఒక సూచన. ఈ పాఠాలను ఫోన్‌లో చదివేవారే ఎక్కువ కాబట్టి, ఎప్పటిలాగే కోడ్‌ను పలికే తీరులో తెలుగు అక్షరాలతో ఇస్తున్నాను. మీరు ఫైలులో రాసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి. మాడ్యూల్ పేర్లు మాత్రం పెద్ద అక్షరంతో మొదలవుతాయి: మిక్స్ డాట్ ఎన్వ్‌లోని మిక్స్‌కు మొదటి అక్షరం, ఐఓ డాట్ ఇన్‌స్పెక్ట్‌లోని ఐఓకు రెండు అక్షరాలూ పెద్దవే. మిక్స్_ఎన్వ్ అనే వేరియబుల్‌ను అన్నీ పెద్ద అక్షరాలలో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాయాలి.

మన ప్రాజెక్టు మీకు గుర్తుండే ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ప్రతిరోజూ జెండా పాటలో పలికిన మిర్చి ధరను తేజ, వండర్ హాట్, 341 రకాల వారీగా, క్వింటాలుకు ఇంత అని నమోదు చేసే చిన్న ప్రోగ్రాం అది. హనుమకొండలో మా అభ్యాస బృందం దీనిని రాస్తున్నప్పుడు, డేటాబేస్‌ను మొదటినుంచి కట్టి పరీక్షలు నడిపేందుకు నేను 'తనిఖీ' అనే అలియాస్ రాశాను. అందులో వరుసగా ఎక్టో అనే డేటాబేస్ లైబ్రరీ పనులైన ఎక్టో డాట్ డ్రాప్ (డేటాబేస్‌ను తుడిచేది), ఎక్టో డాట్ క్రియేట్ (కొత్తగా కట్టేది), ఎక్టో డాట్ మైగ్రేట్ (పట్టికలు వేసేది), చివరికి టెస్ట్ ఉన్నాయి. ఒక సాయంత్రం సర్వర్ ఆపి, టెర్మినల్‌లో మిక్స్ తనిఖీ అని కొట్టాను. మూడు పనులు చకచకా అయిపోయాయి. నాలుగవదైన టెస్ట్ దగ్గర ఎర్ర అక్షరాలలో ఒక సందేశం వచ్చి ఆగిపోయింది. టెస్ట్ అనే పని డెవ్ ఎన్విరాన్‌మెంట్‌లో నడుస్తున్నదని, మిక్స్_ఎన్వ్‌ను స్పష్టంగా ఇవ్వాలని, లేదంటే మిక్స్ ఫైలులోని సీఎల్‌ఐ ఫంక్షన్‌లో ప్రిఫర్డ్_ఎన్వ్స్ రాసుకోవాలని దాని సారాంశం. సందేశం సరైనదే, కానీ అది వచ్చేసరికే డెవ్ డేటాబేస్ తుడిచిపెట్టుకుపోయింది. ఇద్దరు విద్యార్థులు రెండు వారాలు పొద్దున్నే యార్డుకు వెళ్లి, పాట అయ్యేదాకా నిలబడి రాసుకొచ్చిన ధరలు అందులో ఉన్నాయి. వాళ్ల నోటుపుస్తకాలు భద్రంగా ఉండబట్టి మళ్లీ ఎక్కించగలిగాము.

ఎందుకు ఇలా జరిగిందో నిదానంగా చూద్దాం. మిక్స్‌కు మూడు ఎన్విరాన్‌మెంట్లు వాడుకలో ఉన్నాయి: మనం కోడ్ రాసుకునేటప్పటి డెవ్, పరీక్షల కోసం టెస్ట్, అసలు వాడకం కోసం ప్రొడ్. మనం ఏమీ చెప్పకపోతే డెవ్‌ను తీసుకుంటుంది. మిక్స్ టెస్ట్ అని కొడితే మాత్రం టెస్ట్‌లో నడపాలని మిక్స్ లోపలే రాసి ఉంది. చాలామంది పొరబడేది ఇక్కడే. మిక్స్ తన ఎన్విరాన్‌మెంట్‌ను ఒక్కసారే, మనం టెర్మినల్‌లో కొట్టిన మొదటి పేరును చూసి, ఏ పనీ మొదలుపెట్టకముందే నిర్ణయించుకుంటుంది. నేను కొట్టిన పేరు తనిఖీ. ఆ పేరుకు ప్రత్యేకంగా ఏదీ రాసి లేదు కాబట్టి డెవ్‌ను ఎంచుకున్నది. లోపల నాలుగవ స్థానంలో టెస్ట్ ఉన్నదన్న సంగతి ఆ నిర్ణయంలోకి రాలేదు. పైగా ఎక్టో డాట్ డ్రాప్ డెవ్‌లో మనల్ని అడగకుండానే తుడిచేస్తుంది. మిక్స్ ఫైలులోని స్టార్ట్_పర్మనెంట్ అనే సెట్టింగు విలువ ట్రూ అయిన చోట, అంటే మామూలుగా ప్రొడ్‌లో మాత్రమే, నిజంగా తుడిచేయమంటారా అని అడుగుతుంది.

దీనికి చాలామంది చెప్పే పరిష్కారం, ప్రతిసారీ మిక్స్_ఎన్వ్=టెస్ట్ అని ముందు రాసి ఆ తరువాత మిక్స్ తనిఖీ అని కొట్టడం. అది పనిచేస్తుంది, కానీ నేను దానిని నమ్ముకోను. ఈ రోజు గుర్తున్నది రేపు గుర్తుండదు. మనకు గుర్తున్నా పక్క సీటులో కూర్చునే తమ్ముడికి ఎవరో ఒకరు చెప్పాలి. ఏ పని ఏ ఎన్విరాన్‌మెంట్‌లో నడవాలన్నది ప్రాజెక్టుకు సంబంధించిన సంగతి, అది ప్రాజెక్టు ఫైలులోనే ఉండాలి.

అందుకోసం మిక్స్ డాట్ ఈఎక్స్‌ఎస్ ఫైలు తెరిచి, ప్రాజెక్ట్ అనే ఫంక్షన్ ముగిసిన చోట, దాని పక్కనే ఈ ఫంక్షన్ రాయండి:

డెఫ్ సీఎల్‌ఐ డు
  [ప్రిఫర్డ్_ఎన్వ్స్: [తనిఖీ: :టెస్ట్, రిలీజ్: :ప్రొడ్]]
ఎండ్

ఇప్పుడు మిక్స్ తనిఖీ అని కొడితే మొదటి అడుగు నుంచే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఉంటుంది, డ్రాప్ అయ్యేది టెస్ట్ డేటాబేస్ మాత్రమే. రిలీజ్‌ను, అంటే సర్వర్‌కు ఎక్కించేందుకు ప్రోగ్రాంను కట్టే పనిని, కూడా కలిపి రాయడానికి కారణం ఉన్నది. మిక్స్ రిలీజ్‌ను ఊరికే కొడితే డెవ్ రిలీజే తయారవుతుంది. అది బిల్డ్ ఫోల్డరు లోపలి డెవ్ భాగంలో చేరుతుంది, డెవ్ సెట్టింగులతోనే ఉంటుంది. సర్వర్‌కు ఎక్కించాక గానీ చాలామంది దీనిని గమనించరు.

రాసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త అవసరం. ఫంక్షన్‌ను డెఫ్ అని రాయాలి. డెఫ్‌పీ అని రాస్తే అది ఆ మాడ్యూల్‌కు సొంతమైపోతుంది, బయటినుంచి పిలవవలసిన మిక్స్‌కు కనబడదు. వాడని ఫంక్షన్ ఉన్నదన్న హెచ్చరిక ఒక్కటి వస్తుంది, సెట్టింగు మాత్రం అమలు కాదు. రెండవది, ఎక్టో డాట్ రీసెట్ లాగా పేరు మధ్యలో చుక్క ఉన్న పనులను కోట్స్‌లో పెట్టి, ఆ తరువాత కోలన్ పెట్టాలి. మూడవది, ఈ సీఎల్‌ఐ ఫంక్షన్ ఎలిక్సర్ 1.15 నుంచి, అంటే 2023 నుంచి వచ్చింది. అంతకుముందు ఇదే పనికి ప్రాజెక్ట్ ఫంక్షన్ లోపల ప్రిఫర్డ్_సీఎల్‌ఐ_ఎన్వ్ అని రాసేవారు. పాత ప్రాజెక్టులలో అది కనిపిస్తే కంగారు పడకండి, కొత్తగా రాసేవారు మాత్రం సీఎల్‌ఐ ఫంక్షన్‌నే వాడండి.

ఇక మన సొంత ఎన్విరాన్‌మెంట్ విషయానికి వద్దాం. డెవ్, టెస్ట్, ప్రొడ్ అనే మూడే ఉండాలన్న నియమం ఏదీ లేదు. మిక్స్‌కు అది ఒక పేరు మాత్రమే. మా బృందంలోకి పరకాల నుంచి, నర్సంపేట నుంచి కొత్త విద్యార్థులు వస్తుంటారు. వాళ్లు ప్రాజెక్టును కాపీ చేసుకుని నడపగానే ఖాళీ పట్టిక కనిపిస్తే ఏమీ అర్థం కాదు. అందుకని నమూనా ధరలతో నిండిన డెమో అనే నాలుగవ ఎన్విరాన్‌మెంట్‌ను పెట్టి, కొత్తవారి కాపీలో అదే డిఫాల్ట్ అయ్యేటట్లు చేశాము. సీఎల్‌ఐ ఫంక్షన్‌లోని జాబితాలో, ప్రిఫర్డ్_ఎన్వ్స్‌కు ముందు, డిఫాల్ట్_ఎన్వ్: :డెమో అని రాసి కామా పెడితే చాలు. పేరు పెట్టడం ఒక్క వరుస పనే. దానివల్ల మిగతా చోట్ల కదిలేవి మాత్రం చాలా ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకోవాలి.

ముందుగా కాన్ఫిగ్ ఫోల్డరు చూడండి. కాన్ఫిగ్ డాట్ ఈఎక్స్‌ఎస్ చివర ఇంపోర్ట్_కాన్ఫిగ్ అనే వరుస ఉంటుంది. అది ప్రస్తుత ఎన్విరాన్‌మెంట్ పేరుతో ఉన్న ఫైలును వెతికి లోపలికి తెచ్చుకుంటుంది. డెమో డాట్ ఈఎక్స్‌ఎస్ అనే ఫైలు లేకపోతే అక్కడే ఎర్రర్‌తో ఆగిపోతుంది. డెవ్ ఫైలును కాపీ చేసి పేరు మార్చి, డేటాబేస్ పేరును తప్పకుండా వేరుగా పెట్టండి. అది మార్చడం మరచిపోతే డెమో, డెవ్ రెండూ ఒకే డేటాబేస్ మీద రాస్తాయి, అప్పుడు వేరు ఎన్విరాన్‌మెంట్ పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది.

ఆ తరువాత డిపెండెన్సీల, అంటే మన ప్రాజెక్టు వాడుకునే బయటి లైబ్రరీల, జాబితా. అందులో కొన్నింటి పక్కన ఓన్లీ: :డెవ్ అని ఉంటుంది. అవి డెమోలోకి రావు. ఫీనిక్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ప్రాజెక్టు అయితే, కోడ్ మారగానే పేజీని మళ్లీ తెరిచే లైవ్ రీలోడ్ ఇలాంటిదే. డెవ్ కాన్ఫిగ్‌ను యథాతథంగా కాపీ చేసినవారికి, కాన్ఫిగ్‌లో ఆ లైబ్రరీ ప్రస్తావన ఉండి, లైబ్రరీ మాత్రం లేని పరిస్థితి ఎదురవుతుంది. డెమోలో కూడా అది కావాలంటే ఓన్లీ పక్కన డెవ్, డెమో రెండింటినీ చదరపు బ్రాకెట్లలో రాయాలి. అవసరం లేదనుకుంటే డెమో కాన్ఫిగ్ నుంచి ఆ వరుసలను తీసివేయాలి. మా డెమోలో తీసివేశాము, నమూనా చూపించే చోట కోడ్ మార్పుల కోసం కాచుకుని కూర్చునే లైబ్రరీతో పనిలేదు.

అలాగే మిక్స్ డాట్ ఎన్వ్‌ను డెవ్‌తో పోల్చిన ప్రతి చోటును ఎడిటర్‌లో వెతికి చూసుకోండి. ఆ పోలిక డెమోలో అబద్ధమవుతుంది, దాని మీద ఆధారపడినది ఏదైనా ఉంటే మౌనంగా ఆగిపోతుంది. ఎర్రర్ రాదు కాబట్టి కనిపెట్టడానికి సమయం పడుతుంది. ఇటువంటి పోలికలు మిక్స్ ఫైలులో ఉండవచ్చు గానీ లిబ్ ఫోల్డరులోని కోడ్‌లో ఉండకూడదు. రిలీజ్‌లో మిక్స్ అనేదే ఉండదు, అక్కడ ఆ ఫంక్షన్‌ను పిలిస్తే ప్రోగ్రాం కూలిపోతుంది.

డెమోను మొదటిసారి నడిపినప్పుడు డిపెండెన్సీలన్నీ మళ్లీ మొదటినుంచి కంపైల్ కావడం చూసి భయపడకండి. బిల్డ్ ఫోల్డరులో ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌కు ఒక్కో ఉపఫోల్డరు ఉంటుంది, డెమోకు అది కొత్తగా పుడుతున్నది. మరో ముఖ్యమైన సంగతి: మన ప్రాజెక్టు డెమోలో నడిచినా, డిపెండెన్సీలు వాటి వరకు ప్రొడ్ ఎన్విరాన్‌మెంట్‌లోనే కంపైల్ అవుతాయి. మన పేరు వాటికి తెలియవలసిన పని లేదు. అవసరమైన ఒక్కదానికి మాత్రం దాని పక్కన ఎన్వ్ అని వేరే రాసుకోవచ్చు.

చివరగా ఎవరి మాట నెగ్గుతుందన్నది. బయట మిక్స్_ఎన్వ్ ఉంటే అదే నెగ్గుతుంది, మనం ఫైలులో రాసినవన్నీ పక్కకు జరుగుతాయి. అది లేనప్పుడు ఆ పని పేరు మీద ప్రిఫర్డ్_ఎన్వ్స్‌లో రాసినది, అదీ లేనప్పుడు (లోపలే టెస్ట్ అని రాసి ఉన్న మిక్స్ టెస్ట్‌కు తప్ప) డిఫాల్ట్_ఎన్వ్, మనం ఏదీ రాయకపోతే డెవ్. అందువల్ల మిక్స్_ఎన్వ్‌ను టెర్మినల్ ప్రొఫైల్ ఫైలులో శాశ్వతంగా రాసిపెట్టే అలవాటు మానుకోవాలని గట్టిగా చెబుతున్నాను. అక్కడ ప్రొడ్ అని ఉన్న కంప్యూటర్‌లో మిక్స్ టెస్ట్ కొడితే పరీక్షలు ప్రొడ్‌లోనే నడుస్తాయి. నాకు వచ్చిన ఎర్ర అక్షరాల సందేశం కూడా అప్పుడు రాదు. వేరియబుల్‌ను మనమే తెలిసి ఇచ్చామని మిక్స్ భావిస్తుంది.

డిఫాల్ట్‌ను మార్చడం గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి. ప్రిఫర్డ్_ఎన్వ్స్‌ను ఎంత ఎక్కువ వాడితే అంత మంచిది, ప్రతి అలియాస్ రాయగానే దాని ఎన్విరాన్‌మెంట్ ఏమిటని అడగండి. డిఫాల్ట్_ఎన్వ్‌ను మాత్రం మాకున్నటువంటి ప్రత్యేక కారణం ఉంటేనే ముట్టండి. ఎలిక్సర్ తెలిసినవారు ఎవరు వచ్చినా డెవ్ ఉంటుందనుకునే కూర్చుంటారు. మార్చిన పక్షంలో ప్రాజెక్టు రీడ్‌మీలో మొదటి పేరాలోనే ఆ సంగతి రాయండి.

ఇంటి వద్ద చేయవలసిన అభ్యాసం: మీ ప్రాజెక్టులో 'ఎక్కడ' అనే అలియాస్ రాయండి. అందులో రన్ కమాండ్‌కు మైనస్ ఈ ఇచ్చి, మిక్స్ డాట్ ఎన్వ్ విలువను ఐఓ డాట్ ఇన్‌స్పెక్ట్‌తో తెర మీద చూపించేటట్లు చేయండి. దానిని నాలుగు విధాలుగా నడపండి: ఏమీ రాయకుండా ఒకసారి, డిఫాల్ట్_ఎన్వ్‌ను డెమో చేసి ఒకసారి, ప్రిఫర్డ్_ఎన్వ్స్‌లో ఎక్కడ: :టెస్ట్ అని చేర్చి ఒకసారి, ఆ రెండూ అలాగే ఉంచి బయట మిక్స్_ఎన్వ్=ప్రొడ్ ఇచ్చి ఒకసారి. రెండవసారికి ముందు డెమో డాట్ ఈఎక్స్‌ఎస్ ఫైలు ఉండేటట్లు చూసుకోండి. నాలుగుసార్లు తెర మీద ఏమి వచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. రన్‌టైమ్ డాట్ ఈఎక్స్‌ఎస్ గురించిన ఎనిమిదవ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడతాము.